ప్రతి రేవుకీ క్వింటాన్నర ఉప్పు

ప్రభుత్వం వారికి సవినయంగా విన్నవించుకునేది ఏమనగా, 2027 గోదావరి పుష్కరాల పనుల్లో ఇంకో పద్దు చేర్చాలి. ధవళేశ్వరం నుంచి అటు అంతర్వేది దాకా, ఇటు యానాం దాకా, ఏటిగట్టు మీద ప్రతి స్నానాల రేవు పక్కనా ఒక ఉప్పు గోదాము కట్టించాలి. ఒక్కోదాంట్లో క్వింటాన్నర రాళ్ల ఉప్పు నిల్వ. ఎందుకని అడిగేవాళ్లు వాట్సాప్ చూడరన్నమాట. నీళ్లలో మునిగి చనిపోయిన మనిషి మూడు నాలుగు గంటల్లో దొరికితే చాలట. ఒళ్లంతా ఉప్పు కప్పితే అది లోపలి నీళ్లన్నీ పీల్చేసి, మనిషి లేచి కూర్చుంటాడట. పదిమందికీ పంపి పుణ్యం కట్టుకోమని కింద విజ్ఞప్తి కూడాను. పంపడంలో మనవాళ్లు ఏనాడూ వెనకబడలేదు.

గోదాములు లేక ఎంత ఇబ్బందిగా ఉందో చూడండి. లంక ఊరి రేవు. కుర్రాణ్ణి ఒడ్డుకి లాక్కొచ్చారు. చుట్టూ వందమంది. "ఉప్పు తేండ్రా!" అన్నారొక పెద్దాయన. ఇద్దరు బండేసుకుని కిరాణా కొట్టుకి పరిగెత్తారు. కొట్లో ఉన్నవి కిలో ప్యాకెట్లు, అదీ అయోడిన్ కలిపిన మెత్తటి ఉప్పు. "మావయ్యా, మెత్తుప్పు పనికొస్తాదా, రాళ్లుప్పే కావాలా?" అని ఫోను. "ఉండరా, మెసేజీ మళ్లీ చూసి చెప్తాను" అని జవాబు. మెసేజీ పాత ఫోన్లో ఉండిపోయింది. ఈలోగా ఎండుచేపల షెడ్డులో బస్తాలుంటాయి కదండీ అని ఇంకొకాయనకి తట్టింది. ట్రాలీ ఆటో వెళ్లింది. యాభై కిలోల బస్తాలు మూడు కావాలి, రెండున్నరే దొరికాయి. పాతిక కిలోలు తగ్గితే మనిషి సగమే లేస్తాడా అన్న సందేహం వచ్చింది. ముఖానికి కప్పాలా వదిలెయ్యాలా అన్న దగ్గర బావగారి వర్గం, మావయ్య వర్గం అని ఊరు రెండుగా చీలింది. ఆ వాదన సాగుతుండగా ఒకాయన కుర్రాడి రెండు కాళ్లూ పట్టుకుని గిరగిరా తిప్పారు. ఇంకొకాయన పొట్ట మీద రెండు చేతులూ వేసి నొక్కారు. 108కి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఫోన్లన్నీ వీడియో పనిలో ఉన్నాయి.

ఇక ఎటకారం చాలు. ఊపిరి ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆ నాలుగైదు నిమిషాలూ మీరు ఉప్పు బేరంలో తగలేశారు. చర్మం మీద పోసిన ఉప్పు ఊపిరితిత్తుల్లోంచి చెంచాడు నీరు కూడా తియ్యలేదు. పొట్ట నొక్కితే బయటికొచ్చేది మింగిన నీళ్లూ, తిన్న అన్నమూ. అవి గొంతులోంచి తిరిగి ఊపిరితిత్తుల్లోకే పోతాయి. బతికే అవకాశమున్న పిల్లాణ్ణి అంతమంది కలిసి చంపి, ఆనక విధి అంటారు!

చెయ్యాల్సింది ఇది. వెల్లకిలా పడుకోబెట్టాలి. ఊపిరి ఉంటే పక్కకి తిప్పి ఉంచాలి. లేకపోతే తల కాస్త వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఐదుసార్లు గాలి ఊదాలి. ఛాతీ పైకి లేస్తోందో లేదో చూడాలి. తర్వాత ఛాతీ నడుమ అరచేతి మొదలు ఆనించి, పెద్దవాళ్లకైతే ఐదు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 లెక్కన 30 నొక్కులు, రెండు ఊపిర్లు. మళ్లీ 30, మళ్లీ రెండు, 108 వచ్చేదాకా. నోట్లోంచి నురగ వస్తే దాన్ని తుడుస్తూ కూర్చోవద్దు. లేచి మాట్లాడినా ఆసుపత్రికి పంపాల్సిందే. కొన్ని గంటలయ్యాక ఊపిరి మళ్లీ ఇబ్బంది పెట్టొచ్చు.

అసలు అంతదాకా ఎందుకొస్తోంది? ఇసుక తవ్విన గుంతల మీదికి వరద నీరు పరుచుకుంటే పైకి అంతా మోకాలి లోతులాగే కనిపిస్తుంది. ఒక్క అడుగు ముందుకేస్తే మనిషి నిలువు. గుంత అంచు ఇసుక కాలి కింద జారిపోతుంటుంది కాబట్టి వెనక్కి ఎక్కడమూ కుదరదు. ఇక మన స్నేహధర్మం సరేసరి. ఐదుగురు చేతులు పట్టుకుని దిగుతారు, ఒకడు జారితే ఐదుగురూ వెళతారు. పొడవాటి గెడతో ముందు తడిమి చూడాలి, నడుము దాటి దిగకూడదు. పోయినేడు దిగిన చోటే కదా అనడం కుదరదు. ఒక్క వరదకి ఏటి అడుగు మారిపోతుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక వేశారంటే పది లక్షల క్యూసెక్కులు కిందికి వస్తున్నాయని లెక్క. సెల్ఫీలకి అదే మంచి సీజను లెండి.

సముద్రం సంగతి ఇంకా ముచ్చట. అమావాస్యకీ పౌర్ణమికీ పోటూ ఎక్కువే, ఆటూ ఎక్కువే. మన సముద్రస్నానాల ముహూర్తాలు సరిగ్గా ఆ రోజుల్లోనే. అంతర్వేదిలో ఏరు సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఆటు మొదలైతే గోదావరి పాయ వశిష్ఠ నీళ్లూ వెనక్కిపోయే సముద్రమూ కలిసి లాగుతాయి. అప్పుడు అక్కడ దిగకూడదు. ఏటి మొగ లేని మామూలు తీరంలోనైతే, రెండు పక్కలా అలలు విరుగుతూ నడుమ ఒక్కచోట నల్లగా, నెమ్మదిగా నీళ్లు కనిపిస్తే, ప్రశాంతంగా ఉందనుకుని మనవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి దింపేది అక్కడే, దింపకూడనిదీ అక్కడే. ఒడ్డుకొచ్చిన నీరంతా లోపలికి మళ్లే దారి అది. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఈదితే అలసట తప్ప ఏమీ మిగలదు. వెల్లకిలా తేలి, లాగుడు తగ్గాక తీరానికి సమాంతరంగా ఈది, అలలు విరిగే చోటికి చేరి, అప్పుడు ఒడ్డుకి రావాలి.

మునిగేవాడు కేకలెయ్యడు. నోరు నీటి మట్టానికి వచ్చిపోతుంటే అరవడానికి ఊపిరి ఎక్కడిది? నిమిషంలోపే మునిగిపోతాడు. వాడికోసం దూకినవాణ్ణి వాడు మెడ పట్టుకుని కిందికి తొక్కుతాడు, ప్రాణభయంతో. అందుకే దూకకుండా ఏదైనా విసరాలి. మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల నీళ్ల క్యాను మనిషిని హాయిగా తేలుస్తుంది. దానికి ఇరవై మీటర్ల నైలాన్ తాడు. ఖర్చు మూడు బస్తాల ఉప్పు కంటే తక్కువే. గోదాము టెండర్లు తేలేలోపు పంచాయతీ వారు రేవుకొకటి వేలాడదీస్తే అభ్యంతరం లేదు. తాడు రెండో కొస గుంజకి కట్టాలని బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించండి. లేకపోతే క్యానూ తాడూ కలిపి విసిరేసి, ఉప్పుకి ఫోన్ చేస్తారు.