సఫారీ ఎంపికలో జంతువుల బాధ్యతారాహిత్యం

ఆఫ్రికా సఫారీ అమ్మేవాళ్లు మనల్ని రెండే అడుగుతారు: ఎప్పుడొస్తారు, ఎంత పెడతారు. అడగాల్సిన మూడోది ఎవరూ అడగరు. నోరు, ఫోను, మూత్రాశయం ఈ మూడింటినీ కలిపి ఎంతసేపు ఊరుకోబెట్టగలరు? దీనికి నిజాయితీగా జవాబు చెప్పుకోకుండా లక్షలు పోసి వెళ్లినవాళ్లే తిరిగొచ్చి "ఏముందండీ అక్కడ, అంతా గడ్డే" అంటారు. తప్పు వాళ్లది కాదు, చెప్పిన టైముకి చెప్పినచోట హాజరుకాని జంతువులది. వాటికి మెమోలిచ్చి దారిలో పెట్టే యంత్రాంగం కెన్యాలో గానీ టాంజానియాలో గానీ ఇంకా ఏర్పడలేదు. కాబట్టి మన స్వభావానికి తగ్గ అడవిని మనమే వెతుక్కోవాల్సిన దుస్థితి.

ముందుగా హాజరుపట్టీ వర్గం. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, ఆఫ్రికా దున్న. ఈ ఐదూ మొదటిరోజు మధ్యాహ్న భోజనంలోపే అయిపోవాలి వీళ్లకి. కాలినడకన వేటాడటానికి ఏవి కష్టమో చూసి పాతకాలపు వేటగాళ్లు వేసుకున్న పట్టీ అది. ఇప్పుడు తుపాకీ పోయి టిక్కు మిగిలింది. వీళ్లకి టాంజానియాలోని ఎన్‌గొరొంగొరొ అగ్నిపర్వత బిలం శ్రేష్ఠం. 600 మీటర్ల లోతు, అడుగున దాదాపు 260 చదరపు కిలోమీటర్ల మైదానం, చుట్టూ గోడ. జంతువులు తప్పించుకునే వీలు తక్కువని పైనుంచి చూస్తే ఎవరికైనా ధైర్యం వస్తుంది. తలకి ఇంతని కట్టే ప్రవేశ రుసుం కాక, కిందికి దిగే ఒక్కో బండికీ 250 డాలర్లు, ఆపైన పన్ను. ఇంత కట్టాక కూడా ఖడ్గమృగం బైనాక్యులర్‌లో నల్లచుక్కగానే దర్శనమిస్తుంది, చిరుత బిలం అంచు అడవిలోనే ఉండిపోతుంది, జిరాఫీ అయితే లోపల బొత్తిగా ఉండదు. గోడ నిటారు, కింద దానికి మేత చెట్లు తక్కువ. పిక్నిక్ స్థలంలో మాత్రం గద్దలు సమయపాలన పాటిస్తాయి. పులిహోర డబ్బా మూత తీసిన క్షణానికే పైనుంచి దిగుతాయి, చేతివేళ్లు గీరుకుపోతాయి కూడా. బండిలో కూర్చునే తినాలి. పులిని కూడా చూపించమని గైడుతో తగాదా పెట్టుకునేవారికి ఒక మనవి: ఆఫ్రికా అడవుల్లో పులి లేదు. మన నల్లమలలో ఉంది, అదీ అడిగినప్పుడు కనబడదు.

ఇక నది దాటుడు వర్గం. వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింకజాతి జంతువుల మందలు మారా నదిలో దూకే వీడియో తీసుకుని రావాలన్నది వీరి జీవితాశయం. జులై నుంచి అక్టోబరు దాకా సీజను. కెన్యాలోని మాసై మారా రిజర్వు టికెట్టు విదేశీయులకి జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200. ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా, పన్నెండు గంటలకే చెల్లుతుంది. గేటు బయట చవగ్గా బస దొరికిందని మురిసిపోయి మధ్యాహ్నం రెండింటికి లోపలికెళితే ఆ 200 నాలుగు గంటలకే ఖర్చు. మర్నాడు మళ్లీ 200. బస ఖరీదూ టికెట్టూ కలిపి లెక్క వేసుకున్నవాడే తెలివైనవాడు.

డబ్బు సంగతి సరే, అసలు పరీక్ష నది ఒడ్డున. మంద వస్తుంది. ముందున్నవి నీళ్లకేసి చూస్తాయి, వెనకవి నెడతాయి, దుమ్ము లేస్తుంది, అందరూ ఫోన్లు ఎత్తుతారు. అప్పుడు ఒక జీబ్రాకి ఏదో అనుమానం వస్తుంది. మొత్తం మంద వెనక్కి తిరిగి గడ్డి మేస్తుంది. ఇలా మూడు నాలుగు గంటలు, ఒక్కోసారి చీకటిపడే దాకా. కారణం మొసలి కావచ్చు, గాలివాటున వచ్చిన సింహం వాసన కావచ్చు. చాలాసార్లు మనమే. పద్ధతి ప్రకారం బండ్లు ఒడ్డుకి దూరంగా ఇంజను ఆపుకుని ఉండాలి. ముందువరుస నీళ్లలో దిగాక, వెనకవి ఆగలేని స్థితికొచ్చాక, అప్పుడు మెల్లగా దగ్గరికి జరగాలి. ఒక్క బండి తొందరపడి ముందుకురికితే మిగతావి పోటీకి దిగుతాయి, మంద దారి మూసుకుపోతుంది, దాటుడు రద్దు. డ్రైవరు చెవిలో "ఇంకొంచెం ముందుకి పోనివ్వన్నా" అని పోరుపెట్టి, తర్వాత జంతువులకి పట్టుదల లేదని విమర్శించే హక్కు 200 డాలర్లు కట్టినవారికి సంపూర్ణంగా ఉంది.

ఒడ్డున మరుగుదొడ్డి ఉండదు. గైడు చుట్టూ చూసి, పొదలో ఎవరూ పడుకుని లేరని తేల్చుకున్నాక మనల్ని బండి చాటుకి పంపిస్తాడు. షుగరు ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు ముందే ఈ మాట గైడుతో చెప్పుకోవాలి. ఆ రోజు పొద్దున రెండో కప్పు కాఫీ మానుకోవడం అన్నిటికన్నా గొప్ప ప్రణాళిక.

అంతసేపు కూర్చోలేమని ఒప్పుకునే ధైర్యం ఉన్నవాళ్లు ఫిబ్రవరిలో టాంజానియాలోని సెరెంగెటి దక్షిణాన ఎన్‌డుటు వైపు వెళ్లాలి. అవే మందలు అక్కడి పొట్టిగడ్డి మైదానంలో ఈనుతుంటాయి. దూడ పుట్టిన కొద్ది నిమిషాల్లోనే లేచి పరిగెడుతుంది, చీతాలూ హైనాలూ కాచుకుని ఉంటాయి, ఎటు చూసినా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. అయినా జనం జులైకే ఎగబడతారు. చుట్టాలకి చెప్పుకోవాలంటే "దాటాయి" అన్న మాటకున్న గౌరవం "ఈనాయి"కి లేదు మరి.

మూడోది ఆవకాయ వర్గం. కెన్యా 2017లో ప్లాస్టిక్ సంచులు నిషేధించింది, టాంజానియా 2019లో. పచ్చడి ప్యాకెట్టుకి మూడు కవర్లు చుట్టి రబ్బరు బ్యాండు వేసే మన తరతరాల విద్య నైరోబీ విమానాశ్రయంలో చెల్లదు. స్టీలు డబ్బా వాడాలి. అది బరువు. నైరోబీ విల్సన్ విమానాశ్రయం నుంచి మారాకి ఎగిరే చిన్న విమానాల్లో మనిషికి 15 కిలోలే, చేతిసంచీ కూడా అందులోనే, అదీ చక్రాల్లేని మెత్తటి బ్యాగులో. కెమెరా లెన్సా, కందిపొడా అన్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది. రెండూ కావాలంటే నారోక్ మీదుగా రోడ్డు పట్టాలి, ఐదారు గంటలు. నిజానికి ఇంత పోరాటం అక్కర్లేదు. కెన్యాలో గుజరాతీలు తరాలుగా స్థిరపడ్డారు, చపాతీ, చాయ్ స్థానికుల రోజువారీ తిండి అయిపోయాయి, లాడ్జిల్లో పప్పూ కూరా అడిగితే పెడతారు. కానీ ఈ సమాచారం ఏ అత్తగారికీ చెప్పి ప్రయోజనం లేదు.

చిన్నపిల్లలుంటే, మలేరియా మాత్రలు వద్దనుకుంటే, దక్షిణాఫ్రికాలో మదిక్వె, పిలానెస్‌బర్గ్ పార్కులు. అంతే.

సొంతంగా నడుపుతామనేవారికి అదే దేశంలో క్రూగర్. తారురోడ్డు మీద గంటకి 50 కిలోమీటర్లు, మట్టిరోడ్డు మీద 40. అది గరిష్ఠ వేగం. 25లో పోతేనే పొదలో చెవి కదలడం తెలుస్తుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 120కి అలవాటుపడ్డ పాదానికి ఇది కఠోర తపస్సు. మదమెక్కిన మగ ఏనుగు, కణతల మీద తడి చార కారుతూ, దారికి అడ్డంగా నిలబడితే వెనక్కి తియ్యాలి. దారికి ఏనుగే యజమాని. హారన్ కొట్టకుండా ఉండలేని వ్యక్తి ఈ పార్కుకి స్టీరింగు వెనక కాకుండా పక్క సీట్లో వెళ్లడం కుటుంబానికి క్షేమం.

డబ్బున్నవారి విషయం కొంచెం విచారకరం. బోట్స్‌వానాలోని ఒకవాంగో డెల్టాలో మంచి క్యాంపు సీజన్లో రాత్రికి మనిషికి వెయ్యి డాలర్లు దాటుతుంది. వానల్లేని కాలంలో వరద వచ్చే చోటు అది. అంగోలా కొండల్లో పడ్డ వాన నెలల తరబడి నడిచి జూన్, జులైకి చేరుతుంది. అన్ని డాలర్లకీ మీకు దొరికేది పక్క బండి లేకపోవడం. పక్క క్యాంపు లేకపోవడం. చాలాచోట్ల సిగ్నలూ లేకపోవడం. ఎంత ఖర్చయిందో వెంటనే నలుగురికీ తెలియజేసే ఏర్పాటు లేని చోట ఖర్చు పెట్టగలిగినవాడే అసలైన శ్రీమంతుడు. మన దగ్గర ఆ వర్గం జనాభా స్వల్పం.

ధీరులకి ఉగాండా, రువాండా గొరిల్లాలు. పర్మిట్టు ఉగాండాలో 800 డాలర్లు, రువాండాలో 1,500. గుంపుకి 8 మంది, గొరిల్లాల ముందు ఒక్క గంట, 15 ఏళ్లలోపు వారికి ప్రవేశం లేదు. దురదగొండి మొక్కల్ని పట్టుకుని ఎక్కాలి కాబట్టి చేతితొడుగులు తప్పనిసరి. తుమ్మితే కిందనే ఆపేస్తారు, ఎందుకంటే మన జలుబు గొరిల్లాకి ప్రాణాంతకం. 1,500 డాలర్లు కట్టి విమానం ఏసీలో ముక్కు కారబెట్టుకునేవారు దీని జోలికి పోరాదు.

చివరగా చాలా వర్గాలకి ఉమ్మడి విషయం, ఎల్లో ఫీవర్ టీకా. కెన్యా, ఉగాండా నుంచి తిరిగొచ్చేవారు ఈ కార్డు చూపించాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు, ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. వేయించుకున్న పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది. అరవై దాటినవారు, గుడ్డు పడనివారు ముందు డాక్టరుని అడగాలి. టికెట్టు, బస, బైనాక్యులర్, ఖాకీ టోపీ అన్నీ నెలల ముందు కొని దీన్ని ప్రయాణానికి రెండ్రోజుల ముందు గుర్తుచేసుకునేవారికి స్వదేశంలో దిగాక ఆరు రోజుల దాకా క్వారంటైన్. మొత్తం యాత్రలో చెప్పిన టైముకి, చెప్పినచోట, చెప్పినట్టు జరిగే కార్యక్రమం అదొక్కటే.