పేరు పెట్టిన పాపం

గురువారం రాత్రి మా టెస్ట్ సర్వర్ బిగుసుకుపోయింది. నడుస్తున్న ప్రోగ్రామ్ లోపలికి తొంగిచూసే డీబగ్గర్ జీడీబీని తగిలించి, థ్రెడ్ల (ఒకే ప్రోగ్రామ్‌లో విడివిడిగా నడిచే పనుల) జాబితా చూపే ‘ఇన్ఫో థ్రెడ్స్’ కొట్టాను. నాలుగు థ్రెడ్లు. నాలుగూ బుద్ధిమంతుల్లా చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాయి.

అసలు పని చేసేవి అవి కావు. ఉన్న చోటు గుర్తుపెట్టుకుని మళ్లీ అక్కడికే దూకే సెట్‌జంప్, లాంగ్‌జంప్ అనే సీ ఫంక్షన్లతో మేమే అల్లుకున్న లైబ్రరీ మీద మూడు వేల చిన్న థ్రెడ్లు నడుస్తాయి. వాటి సంగతి ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ కెర్నెల్‌కి తెలియదు, కనుక జీడీబీకీ తెలియదు. రేషన్ కార్డులో నాలుగు పేర్లే, పంక్తిలో మాత్రం మూడు వేల విస్తళ్లు!

కెర్నెల్‌కి తెలిసిన మామూలు పీథ్రెడ్లకైతే, లినక్స్‌లోని సీ లైబ్రరీ జీలిబ్‌సీ తనతో పాటే జీడీబీ కోసం లిబ్‌థ్రెడ్_డీబీ అనే దుబాసీని పంపుతుంది. మాది ఇంటి వంట కాబట్టి దుబాసీని కూడా మేమే చూసుకోవాలి. అందుకే ఎప్పుడో నేనో పైథాన్ స్క్రిప్టు రాశాను. చిన్న థ్రెడ్ ఆగేముందు దాచుకున్న రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి విలువలు) బయటికి తీసి, అసలు థ్రెడ్‌కి తొడిగి, బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తూ అక్కడిదాకా వచ్చిందో ఆ వరస) చూపించి, మళ్లీ పాతవి తొడిగేస్తుంది. ఆ రిజిస్టర్లలో ఒకటైన స్టాక్ పాయింటర్‌ని (స్టాక్ అనే థ్రెడ్ సొంత జాగా చిరునామాని) జీలిబ్‌సీ ఊరికే దాచదు. రహస్య సంఖ్యతో ఎక్సార్ చేసి (బిట్లు కలగలిపి), 17 బిట్లు తిప్పి మరీ దాస్తుంది, మా అమ్మమ్మ పోపుల పెట్టెలో నోట్లు దాచినట్టు. దాన్ని విప్పిన గర్వం నాకింకా తగ్గలేదు.

జూనియర్ కుర్రాణ్ణి పిలిచి, “చూడు తమాషా” అని స్క్రిప్టు నడిపాను. 0x7ఎఫ్‌తో మొదలయ్యే ఓ చిరునామా, పక్కన రెండు ప్రశ్నార్థకాలు, ఆపైన ఎర్రర్. అంతే, సగంలో ఆగింది.

“అన్నా, కోడ్ ఉండాల్సిన చోట స్టాక్ చిరునామా వచ్చినట్టుంది?”

నిజమే. చిన్న థ్రెడ్ వివరాలు దాచే స్ట్రక్చర్‌లో అన్నీ ఎనిమిది బైట్లు కిందికి జరిగాయి. ఎవరో పైన ‘నేమ్’ అని కొత్త పాయింటర్ చేర్చారు. స్క్రిప్టులో పాత లెక్కే ఉంది.

“ఈ ఫీల్డ్ ఎందుకన్నా?”

“డీబగ్గింగ్ తేలికవుతుందని.”

“ఎవరు పెట్టారు?”

“పోయిన వారం... నేనే.”

ఆ సిగ్గులో గబగబా జీడీబీని విడదీసే ‘డిటాచ్’ కొట్టేశాను. స్క్రిప్టు మధ్యలో పడిపోయింది కదా, పాత రిజిస్టర్లు తిరిగి తొడగనేలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సర్వర్ అక్కడికక్కడే కూలి, దానంతటదే రీస్టార్ట్ అయింది.

పొద్దున టెస్టర్ మేడమ్ టికెట్ మూసేస్తూ రాశారు: “రాత్రి చేసిన ఫిక్స్ బాగుంది. థాంక్యూ.”