మెడ బోడిగా ఉన్నంత మాత్రాన అసలు జాతి కాదు

బోడిమెడ కోళ్ల మీద చదివిన ఒక వ్యాసం ‘మెడ మీద ఈక లేకపోతే మేలు జాతే’ అన్న వాక్యం దగ్గరే తప్పింది. బోడిమెడకు ఒక్క జన్యువు చాలు, అది ఏ నాటుకోడిలోకైనా ఎక్కుతుంది. మెడ ముందువైపు, మేతసంచికి పైన ఈకల కుచ్చు ఉంటే ఆ జన్యువు తల్లి, తండ్రుల్లో ఒక్క పక్క నుంచే వచ్చినట్టు. అలాంటి రెండింటిని జత కడితే సగటున నాలుగింట ఒక పిల్లకు మెడ నిండా ఈకలొస్తాయి; అమ్మినవాడు మోసం చేశాడని గొడవ మొదలయ్యేది ఇక్కడే! కుచ్చు లేకుండా, లేదా రెండు మూడు ఈకలతో ఉన్నదే రెండు పక్కల నుంచీ జన్యువు వచ్చిన కోడి.

ఏదైనా బోడిమెడ పుంజు మీద అనుమానముంటే దాన్ని మామూలు ఈకల మెడ పెట్టల మీద వేయండి. గుడ్డు నుంచి బయటికొచ్చిన రోజే పిల్లల మెడ తెలిసిపోతుంది. పది పిల్లలూ బోడిమెడవే అయితే నమ్మొచ్చు, ఒక్కటి ఈకలతో వచ్చినా పుంజు పనికిరాదు. ఇది తేల్చేది మెడ జన్యువునే. ఒళ్లు, రంగు, కాళ్లు వేరే చూడాలి.

హైదరాబాద్ మే ఎండకు ఇవి బాగా తట్టుకుంటాయి, ఈకలు తక్కువ కాబట్టి. డిసెంబర్ పిల్లలతోనే చిక్కు: మొదటి వారం బ్రూడర్‌లో (పిల్లలను వెచ్చగా ఉంచే చోట) 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి తగ్గించాలి. ఇరుకులో పెడితే మెడ పొడుచుకుంటాయి, నెత్తురు కనిపిస్తే ఆగవు. గాయపడినదాన్ని వెంటనే విడిగా ఉంచండి. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థలో అడగడం సంతలో కొనడం కంటే మేలు.