నల్లగొండలో మగాణ్ని తయారుచేయు విధానం

16 ఏళ్లు దాటిన పోరగాణ్ని మగాడిగా మార్చడానికి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ప్రస్తుతం అమల్లో ఉన్న పద్ధతిని ప్రజాహితం కోరి ప్రకటిస్తున్నాం. కావలసినవి మూడే: గడ్డం, బుల్లెట్, దేవుడు.

గడ్డం నాయిన నుంచో మేనమామ నుంచో రావాలి. రాకపోతే మెడికల్ షాపు నుంచి వస్తుంది. నెత్తిమీద వెంట్రుకల కోసం తయారైన 5 శాతం మినాక్సిడిల్‌ను పొద్దున ఒక మిల్లీ, రాత్రి ఒక మిల్లీ చెంపలకు పూస్తారు. మొదటి వారాల్లో ఉన్న నూగు కూడా రాలొచ్చు. సగం మంది మగతనం అక్కడే ఆగిపోతుంది. 18 ఏళ్లలోపు వాళ్లు వాడొద్దని డబ్బా మీద రాసే ఉంటుంది గానీ, మగాడన్నవాడు డబ్బా మీది అక్షరాలు చదువుతాడా?

బుల్లెట్ నాయినది, చప్పుడు కొడుకుది. కంపెనీ సైలెన్సర్ విప్పి ఉత్త గొట్టం బిగిస్తే, క్లాక్ టవర్ దగ్గర గేరు మార్చిన సంగతి రామగిరికి తెలుస్తుంది. (విప్పినదాన్ని తుక్కుకు వేయకండి, పోలీసులు పట్టుకున్నాక మళ్లీ అదే బిగించాలి.) మైనరు బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం 25 వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు పెద్దవాళ్లకు. పోరగాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. చప్పుడు ఒకరిది, జైలు ఒకరిది. ఉమ్మడి కుటుంబాలు పోయినయని ఏడ్చేవాళ్లు ఈ సెక్షన్ ఒకసారి చదువుకోవాలి.

ఇక దేవుడు. హనుమాన్ దీక్ష చైత్ర పౌర్ణమి నుంచి వైశాఖ బహుళ దశమి దాకా, 41 రోజులు. ఇంటర్ ఫలితాలూ ఆ దరిదాపుల్లోనే వస్తాయి. ఫెయిలైన కొడుకు మీదికి చెయ్యెత్తిన నాయిన, మెడలో మాల చూసి అదే చేత్తో దండం పెడతాడు. ముహూర్తం పెట్టిన పెద్దలు మామూలోళ్లు కాదు.

నియమాలు కఠినమే. రెండు పూటలా చన్నీళ్ల తలస్నానం, చాప మీద పడక, ఒక్క పూట భిక్ష, కాళ్లకు చెప్పుల్లేవు. మే నెల తారు రోడ్డు సంగతి సరే, బుల్లెట్ గేరు రాడ్డును ఉత్త బొటనవేలితో పైకెత్తడమే అసలు తపస్సు.

మాల మాత్రం ఒక్క మెడలోనే ఉంటుంది, దీక్ష ఇద్దరిది. తెల్లారి నాలుగింటికి స్వామిని లేపడానికి అమ్మ మూడున్నరకు లేవాలి. స్వామికి ఉల్లి, ఎల్లిపాయ లేని కూర, నాయినకు అవి ఉన్న కూర, గిన్నెలు వేరు. కాషాయం జతలు రంగు పోతాయి, విడిగా నానబెట్టాలి. లేకపోతే నాయిన బనీన్లు కూడా దీక్ష తీసుకుంటాయి.

లంకలో వనమంతా పీకి, రాక్షసుల ముందు గొంతెత్తి హనుమంతుడు చెప్పుకున్నది తాను రాముడి దాసుణ్ననే. ఈ ముక్క మీద రీల్ ఇంకా రాలేదు, మ్యూజిక్ కుదరలేదేమో. సముద్రం దాటగలనన్న సంగతి ఆయనకు జాంబవంతుడు గుర్తు చేయాల్సి వచ్చింది. మనవాడి బలం మనవాడికి 24 గంటలూ గుర్తే. బండి అద్దం మీద కనుబొమలు ముడిచిన హనుమంతుడి స్టిక్కరుంది కదా.

42వ రోజు మాల తీస్తారు. ఆ పూట ఇంట్లో కోడికూర. 41 రోజులు ‘మాతా’ అని పిలిచిన నోటితోనే, ‘ఏందమ్మా, నా చెప్పులు ఏడబెట్టినవ్?’ అంటాడు. ఉల్లిగడ్డ కోస్తున్నామె కత్తి పక్కనబెట్టి లేస్తుంది.