తొమ్మిదిమంది చాలరు

కొచ్చి మట్టాంచేరిలోని యూదుల ప్రార్థనామందిరమైన పరదేశీ సినగాగులో నిత్యప్రార్థనలు ఆగిపోవడానికి కొత్త తరంలో భక్తి సన్నగిల్లడమే కారణమన్న వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. యూదుల సంప్రదాయంలో సామూహిక ప్రార్థనకు పదిమంది వయోజన పురుషులు కూడాలి; దానినే మిన్యాన్ అంటారు. తొమ్మిదిమందే ఉంటే, వారెంత నిష్ఠాపరులైనా, వారి ధర్మగ్రంథమైన తోరా చుట్టను విప్పి సభలో చదవడానికి గాని, పోయినవారి కోసం కద్దిష్ అనే ప్రార్థన చెప్పడానికి గాని వీలుండదు. (పాడె మోయడానికి నలుగురు కావాలనే మనకు ఈ లెక్క అర్థం కానిదేమీ కాదు.) 1950ల నుంచి కొచ్చి యూదులు చాలావరకు కుటుంబాలకు కుటుంబాలుగా ఇజ్రాయెల్‌కు తరలిపోయారు, వారిని ఎక్కువగా అటు లాగినది ఆ భక్తే. 1568లో కట్టిన ఈ మందిరం నాలుగు వందల ఏళ్ల వేడుకకు 1968లో ప్రధాని ఇందిరా గాంధీ వచ్చారు గాని, అప్పటికే కొచ్చి యూదులలో చాలామంది వెళ్లిపోయారు. ఉద్యోగరీత్యా కొచ్చిలో ఉన్న రోజుల్లో, మన గుళ్లలోలాగే చెప్పులు బయట విడిచి, ఆ నీలి తెలుపు చైనా పలకల నేలమీద నేనూ నిలబడ్డాను. పెళ్లికో పండుగకో ఇజ్రాయెల్ నుంచి బంధువులు దిగితేనో, చూడవచ్చిన పర్యాటకులలో యూదులు ఉంటేనో పదిమంది లెక్క కుదిరేదని అక్కడి దుకాణదారుడొకరు చెప్పారు. ఊరి బిడ్డలు తిరిగివచ్చిన ఆ కొద్ది రోజులూ భోజనాలతోపాటు ప్రార్థన కూడా జరిగేదంటే, లోటు విశ్వాసంలో కాదు, మనుషుల సంఖ్యలోనే ఉంది.