ఇంత దూరం వచ్చాం కదా!

సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళం కొండలెక్కే శాస్త్రానికి ఒక సిద్ధాంతాన్ని అందించాం. దానికి రావలసినంత గుర్తింపు రాలేదన్న బాధతోనే ఇది రాస్తున్నాను. ఆ సిద్ధాంతం పేరు "ఇంత దూరం వచ్చాం కదా". వాన ముదిరినా, చీకటి పడుతున్నా, దారి మంచు కింద మాయమైపోయినా, గుంపులో ఎవరో ఒకరు ఈ నాలుగు మాటలు అంటే చాలు, ఎదురు చెప్పినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

దీని పుట్టుక అలిపిరిలో ఉందని నా పరిశోధన. మనవాళ్ళలో ఎవరినైనా "హైకింగ్ అలవాటుందా?" అని అడిగి చూడండి. "చిన్నప్పుడే 3,550 మెట్లు ఎక్కినవాణ్ణండీ" అంటారు. మంచి అర్హతే. కానీ అక్కడ గాలిగోపురం దాకా వెళ్ళి, కాళ్ళు లాగుతున్నాయని దిగి వచ్చేసినవాణ్ణి ఊళ్ళో ఎవరైనా మనిషిగా చూస్తారా? కొండెక్కి దర్శనం కాకుండా దిగడం అపరాధం. ఆ భక్తినే మనం ఇక్కడ రానూపోనూ 8 మైళ్ళుండే మౌంట్ సై అనే కొండ దాకా మోసుకొచ్చాం. పైన స్వామి లేడు, లడ్డూ లేదు, తలుపులేసేస్తారన్న టెన్షన్ లేదు. అయినా దర్శనం అవ్వాల్సిందే.

సామాన్ల విషయంలో మాత్రం మనల్ని ఎవరూ వేలెత్తి చూపలేరు. 1938లో ఇక్కడ లాయిడ్, మేరీ ఆండర్సన్ అనే దంపతులు మంచి ఐస్ ఆక్స్ (మంచు కొండలెక్కేవాళ్ళ గొడ్డలి) ఒకటి చవగ్గా దొరకక, ఆస్ట్రియా నుంచి తెప్పించుకుని, స్నేహితులతో కలిసి మన పాల సొసైటీలాంటి సహకార సంఘం ఒకటి పెట్టారు. అదే ఇవాళ కొండలెక్కే సామాన్లమ్మే ఆర్‌ఈఐ. ఆ దంపతులు చవక కోసం పడ్డ తపనకు మన నివాళి ఏమిటంటే, నాలుగు వందల డాలర్ల జాకెట్. దాని కింద మామూలు జీన్స్ ప్యాంటు. కాటన్ తడిస్తే ఒంటి వేడిని లాగేస్తుందని, మంచులో అది ఆరదని తెలియక కాదు. జాకెట్ ఫొటోలో పడుతుంది, లోపలి ఉన్ని బనీను పడదు.

ఇదే ఊరి మౌంటెనీర్స్ క్లబ్బువాళ్ళు 1930లలో కొండకి వెళ్ళేవాళ్ళ దగ్గర ఉండితీరాల్సిన పది వస్తువుల జాబితా వేశారు: మ్యాపు, దిక్సూచి, దీపం, అగ్గిపెట్టె, అదనపు బట్టలు, ఇలాంటివి. మా బృందం దగ్గర పదీ ఉన్నాయి. హెడ్‌ల్యాంపు బ్యాటరీలు ప్రస్తుతం టీవీ రిమోట్‌లో ఉన్నాయి. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం 4:20కే పొద్దుగూకుతుంది కాబట్టి ఇది చిన్న విషయమే.

ఇక ముహూర్తం. కొత్త కారు తాళం చేతికి తీసుకోవాలంటే రాహుకాలం, వర్జ్యం చూసే జాతి మనది. మంచు కాలంలో నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ వాళ్ళు రోజూ, పైసా తీసుకోకుండా, ఏ కొండవాలు మీద మంచు చరియలు విరిగిపడేలా ఉన్నాయో చెబుతారు. దక్షిణ తాంబూలాలు కూడా అడగరు. అందుకే కాబోలు మనకి నమ్మకం కుదరదు. ప్రమాదాన్ని వాళ్ళు 1 నుంచి 5 దాకా కొలుస్తారు. మొన్న మా వాట్సాప్ గ్రూపులో ఎవరో "ఇవాళ 3 ఉందిరా" అని పెడితే, మా నాయకుడు వెంటనే జవాబిచ్చాడు: "అయిదుకి మూడు అంటే అరవై శాతం. ఫస్ట్ క్లాసే కదా!" ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం 3, 4 అన్న రోజుల్లోనే జరుగుతాయన్న సంగతి సిలబస్‌లో లేదు.

మన సిద్ధాంతానికి శాస్త్రీయమైన ఆధారం స్నోషూలే, అంటే మంచులో కాలు కూరుకుపోకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు. వాటిని కట్టుకుని వెనక్కి ఒక్క అడుగు వేసి చూడండి. వెనక తోక మంచులో గుచ్చుకుని మిమ్మల్ని అక్కడే కూలేస్తుంది. తిరగాలంటే గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు కాస్త పెద్ద చుట్టు వేయాలి. తయారుచేసినవాడే వెనక్కి వెళ్ళొద్దని చెబుతుంటే మనమెవరం కాదనడానికి?

ఇంత గట్టి సిద్ధాంతానికి మా అమ్మ చేతిలో దెబ్బ తగిలింది.

ఆ రోజు స్నోక్వాల్మీ పాస్ దగ్గర స్నో లేక్ దారి పట్టాం. ఎండాకాలంలో ఏడు మైళ్ళ చక్కటి దారి. చలికాలంలో చరియలు జారే వాలుల కిందుగా పోతుంది. తెల్లారే బయల్దేరాలనుకున్నాం. ఉప్మా, టీ, పార్కింగ్ పాసు ఎవరి కార్లో ఉందన్న చర్చ అన్నీ అయ్యేసరికి పదకొండున్నర. ఆర్నెల్లకని వచ్చిన మా అమ్మ "కొంచెం దూరం నడిచి చూస్తా"నంటే అద్దెకు తెచ్చిన స్నోషూలు కట్టాం. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కాళ్ళు ఎడంగా వేస్తూ, ఊడ్పుల మడిలో దిగినట్టే నడిచింది. మాలో సరిగ్గా నడిచింది ఆవిడొక్కతే.

ఒక మలుపు తిరిగాక ఆగిపోయింది. ఎడమ చేతివైపు దట్టంగా చెట్లు, ముందుకి చూస్తే అవతల మళ్ళీ చెట్లు. మధ్యలో కొండ పైనుంచి కిందిదాకా తెల్లటి ఖాళీ. అంచున ఉన్న ఒకటి రెండు చెట్లకి కొండవైపు కొమ్మలే లేవు.

"ఒరే నాన్నా, ఇక్కడ మాత్రం చెట్లెందుకు లేవురా?"

"ఏమోనమ్మా. నడువు, ఇంత దూరం వచ్చాం కదా."

ఆవిడ గోదావరి లంకలో పుట్టి పెరిగిన మనిషి. "వరద పోయిన దారిలా ఉంది. ఒకసారి పోయిన దార్నే అది మళ్ళీ వస్తుంది. నేను రాను" అని ఊతకర్ర మంచులో దిగేసి నిలబడింది.

మా నాయకుడు ఫోన్ తీశాడు, సిగ్నల్ లేదు. జాకెట్ జిప్పు పైకి లాక్కున్నాడు. పెద్దావిడని ఒంటరిగా వదల్లేం కాబట్టి, కేవలం అందుకోసమే, అందరం పెద్ద పెద్ద చుట్లు వేసి వెనక్కి తిరిగాం.

కార్ల దగ్గర పులిహోర తింటూ ఫొటో దిగాం. రాత్రికి అది గ్రూపులో వచ్చింది: "స్నో లేక్ సమ్మిట్, సక్సెస్". చెరువుకి సమ్మిట్ ఏమిట్రా అని ఎవరూ అడగలేదు. మా అమ్మ మాత్రం ఫొటోని పెద్దది చేసి చూసి, "వెనకాల ఆ తెల్లకారు మనదే కదూ?" అంది.