నాలుగేళ్ల అధ్యక్షుడు, ముప్ఫై ఏళ్ల జడ్జి: ఆ వాదన ఎక్కడెక్కడ తప్పు

అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు దగ్గరపడ్డప్పుడల్లా మనవాళ్ల మధ్య ఒక వాదన చేతులు మారుతూ ఉంటుంది. దాని సారాంశం ఇది: "అధ్యక్షుడు ఉండేది నాలుగేళ్లు, మహా అయితే ఎనిమిది. ఒక్క ఎన్నిక సుప్రీంకోర్టును దశాబ్దాలపాటు మార్చేస్తుందనడం ఓట్ల కోసం భయపెట్టడమే. సరిగా లేనివాళ్లను సెనేట్ ఆపుతుంది. తేడా వస్తే తర్వాతి అధ్యక్షుడు సరిచేస్తాడు. జడ్జీలు ఎవరు వేసినా చట్టాన్నే చూస్తారు. అయినా వీసా మీద ఉన్న మనకు ఆ కోర్టుతో పనేముంది?"

జడ్జీల గురించి అన్న మాటలో కొంత నిజం ఉంది. మిగతావి నిలబడవు.

"నాలుగేళ్లు, మహా అయితే ఎనిమిది"

ఈ లెక్క అధ్యక్షుడి పదవీకాలానిది. ఆయన వేసిన జడ్జికి ఇది వర్తించదు. భారత సుప్రీంకోర్టును చూసి అలవాటైన మనకు ఈ తేడా వెంటనే తట్టదు. ఇక్కడ 65 ఏళ్లు నిండితే ఎంతటివారైనా దిగిపోవాల్సిందే. జస్టిస్ ఎన్.వి.రమణ 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టుకు వచ్చారు, 2022 ఆగస్టులో ప్రధాన న్యాయమూర్తిగా పదవీ విరమణ చేశారు. మొత్తం ఎనిమిదిన్నరేళ్లు. అమెరికా రాజ్యాంగంలోని మూడో అధికరణం జడ్జీలకు వయోపరిమితి పెట్టలేదు. ప్రవర్తన సవ్యంగా ఉన్నంతకాలం కొనసాగవచ్చు. అంటే తమంతట తాము తప్పుకోవాలి, లేదా చనిపోవాలి. అభిశంసన అనే మూడో దారి కాగితం మీద ఉంది గానీ, ఆ దారిన పదవి పోగొట్టుకున్న సుప్రీంకోర్టు జడ్జి ఇంతవరకూ లేరు. 1804లో శామ్యూల్ చేజ్‌ను ప్రతినిధుల సభ అభిశంసించినా, మరుసటి ఏడు సెనేట్ ఆయనను నిర్దోషిగా వదిలేసింది.

నిక్సన్ వేసిన విలియం రెన్‌క్విస్ట్ 1972 జనవరిలో కుర్చీ ఎక్కారు. నిక్సన్ 1974లో రాజీనామా చేశాడు, 1994లో చనిపోయాడు. రెన్‌క్విస్ట్ మాత్రం 2005 సెప్టెంబరులో కన్నుమూసేదాకా కోర్టులోనే ఉన్నారు. పెద్ద బుష్ ఒక్కసారే గెలిచాడు, 1992లో ఓడిపోయాడు. ఆయన 1991లో 43 ఏళ్ల వయసులో కూర్చోబెట్టిన క్లారెన్స్ థామస్ 2021 నాటికి ముప్ఫై ఏళ్లు పూర్తిచేశారు, ఆ తర్వాతా కొనసాగారు.

2022 జూన్ 24న గర్భస్రావ హక్కును తొలగించిన తీర్పును ఒకసారి విడదీసి చూడండి. ఆ హక్కును గుర్తించిన 1973 నాటి తీర్పును పూర్తిగా కొట్టేయడానికి ఓటేసింది ఐదుగురు. థామస్ 1988 ఎన్నిక ఫలితం. శామ్యూల్ అలిటో 2004 ఎన్నిక ఫలితం. నీల్ గోర్సచ్, బ్రెట్ కవనా, అమీ కోనీ బారెట్ ముగ్గురూ 2016 ఎన్నిక ఫలితం. ఆ తీర్పు తగిలిన ఇరవై ఏళ్ల అమ్మాయిలు ఎంతోమంది 1988కి, 2004కి మధ్య పుట్టినవాళ్లు. ఆ రెండు ఎన్నికల్లోనూ వాళ్లకు ఓటు లేదు. పైగా 2016లో ఫలితాన్ని తేల్చిన మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియాల్లో తేడా మూడూ కలిపి సుమారు 78 వేల ఓట్లే.

"సెనేట్ ఆపుతుంది"

ఒకప్పుడు ఆపేది. 1987లో రీగన్ పంపిన రాబర్ట్ బోర్క్‌ను 58–42తో తిరస్కరించింది. ఆ స్థానంలో వచ్చిన ఆంథొనీ కెనెడీని 97–0తో ఒప్పుకుంది. ఆ కాలం పోయింది. 2017 ఏప్రిల్ వరకూ, ఎదుటి పార్టీ పట్టుబడితే, చర్చ ముగించి ఓటింగుకు వెళ్లడానికి 100 మందిలో 60 మంది కావాలి. గోర్సచ్ కోసం ఆ నిబంధన తీసేశారు. ఇప్పుడు మామూలు మెజారిటీ చాలు. 50–50 అయితే ఉపాధ్యక్షుడి ఓటు తేలుస్తుంది. గోర్సచ్‌కు 54–45, కవనాకు 50–48, బారెట్‌కు 52–48. దాదాపు పార్టీల లెక్కే.

ఇక్కడ అసలు అధికారం సెనేట్ మెజారిటీ నాయకుడిది. అధ్యక్షుడు పేరు పంపుతాడు. ఎఫ్‌బీఐ పూర్వాపరాలు చూస్తుంది, న్యాయ కమిటీ విచారణ జరుపుతుంది, కమిటీ ఓటు తర్వాత పూర్తి సభ ఓటు. ఈ వరుసలో దేనికీ రాజ్యాంగం గడువు పెట్టలేదు. అందుకే 2016 ఫిబ్రవరి 13న ఆంటొనిన్ స్కాలియా చనిపోతే, మార్చి 16న ఒబామా పంపిన మెరిక్ గార్లండ్ పేరు 293 రోజులు అలాగే పడి ఉండి, కనీసం విచారణ కూడా లేకుండా మురిగిపోయింది. ఎన్నికల ఏడాదిలో ప్రజలే తేల్చాలన్నారు అప్పటి సెనేట్ మెజారిటీ నాయకుడు, రిపబ్లికన్ మిచ్ మెకానెల్. 2020 సెప్టెంబరు 18న రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ చనిపోతే, అదే పార్టీ, అదే నాయకుడు బారెట్‌కు పేరు ప్రకటించిన 30 రోజుల్లో, అక్టోబరు 26న ఆమోదం ఇప్పించారు. అధ్యక్ష ఎన్నికకు అప్పటికి ఎనిమిది రోజులే ఉంది. రెండుసార్లూ నిబంధనలు అవే. అధ్యక్షుడు, సెనేట్ ఒకే పార్టీవా కాదా అన్నదే తేడా. సెనేట్ అడ్డుగోడ అన్న మాట ఆ రెండూ వేరైనప్పుడే నిజం.

"తర్వాతి అధ్యక్షుడు సరిచేస్తాడు"

ఖాళీ వస్తేగా! కార్టర్ నాలుగేళ్లూ పూర్తిచేసి ఒక్క సుప్రీంకోర్టు జడ్జినీ వేయలేకపోయాడు. ఒక్క ఖాళీ రాలేదు. క్లింటన్‌కు ఎనిమిదేళ్లలో ఇద్దరు, చిన్న బుష్‌కు ఎనిమిదేళ్లలో ఇద్దరు, ఒబామాకు ఎనిమిదేళ్లలో ఇద్దరు. ట్రంప్‌కు మొదటి నాలుగేళ్లలోనే ముగ్గురు. 1969 నుంచి 1991 దాకా కోర్టుకు కొత్తగా వచ్చిన పదిమందినీ రిపబ్లికన్లే వేశారు.

అంతేకాదు, జడ్జీలు తమ విరమణకు వేళ చూసుకుంటున్నారు. రీగన్ వేసిన కెనెడీ 2018లో ట్రంప్ హయాంలో, క్లింటన్ వేసిన స్టీఫెన్ బ్రెయర్ 2022లో బైడెన్ హయాంలో తప్పుకున్నారు. సొంత గూటి అధ్యక్షుడు ఉన్నప్పుడు దిగితే ఆ కుర్చీ అటే ఉంటుంది. గిన్స్‌బర్గ్ అలా చేయలేదు. 2015 జనవరి దాకా ఒబామాకు సెనేట్ మెజారిటీ ఉంది, తప్పుకోమని సూచించినవాళ్లూ ఉన్నారు. ఆవిడ ఉండిపోయారు, కుర్చీ ఎదుటివైపుకు వెళ్లింది.

తీర్పు చట్టానికి చెప్పిన భాష్యమైతే కాంగ్రెస్ కొత్త చట్టంతో సరిచేయవచ్చు. జీతాల్లో వివక్షపై 2007లో 5–4తో వచ్చిన తీర్పును 2009 జనవరిలో లిల్లీ లెడ్‌బెటర్ చట్టంతో అలాగే దాటారు. తీర్పు రాజ్యాంగం మీద ఆధారపడితే ఆ దారి మూసుకుపోయినట్టే. రాజ్యాంగాన్నే సవరించాలంటే ఉభయసభల్లో మూడింట రెండొంతులు, ఆపైన 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలి. కోర్టులో కుర్చీలు పెంచడానికి మామూలు చట్టం సరిపోతుంది, 1869లో 9 అని నిర్ణయించింది కూడా చట్టమే. కానీ 1936లో 48 రాష్ట్రాల్లో 46 గెలిచిన రూజ్‌వెల్ట్ మరుసటి ఏడాది ఆ సంఖ్యను 15 దాకా పెంచుదామంటే, ఆయన సొంత పార్టీ సెనేటే ఒప్పుకోలేదు.

"జడ్జీలు ఎవరు వేసినా చట్టాన్నే చూస్తారు"

నిజం ఉందన్నది ఇక్కడే. 1974లో వాటర్‌గేట్ కుంభకోణం కేసులో తన సంభాషణల టేపులు ఇచ్చి తీరాలని నిక్సన్‌ను ఆదేశించిన 8–0 తీర్పు రాసింది ఆయన వేసిన ప్రధాన న్యాయమూర్తి బర్గరే. 2020 డిసెంబరులో నాలుగు రాష్ట్రాల ఫలితాలను ఆపమని టెక్సాస్ వేసిన దావాను, ట్రంప్ ముగ్గురు జడ్జీలూ ఉన్న కోర్టే వినకుండా తోసిపుచ్చింది. వేసినవాడి సొంత కేసులో కోర్టు లొంగుతుందనుకోవడం తప్పు.

అయితే ప్రశ్న విధేయత గురించి కాదు. రాజ్యాంగాన్ని ఎలా చదవాలన్న దృక్పథం గురించి. ఒకప్పుడు రిపబ్లికన్లు వేసిన బ్లాక్‌మన్, స్టీవెన్స్, సూటర్ మెల్లగా ఉదారవాదుల వైపు నడిచారు. ఆ అనుభవంతోనే తర్వాత ఎంపికకు ముందు వడపోత గట్టిపడింది. అభ్యర్థి అప్పీళ్ల కోర్టులో రాసిన తీర్పులన్నీ జల్లెడ పడతారు, నలభైల్లోనో, యాభై దాటుతూనో ఉన్నవాళ్లను ఏరుతారు. 2016లో ట్రంప్ ఎన్నికకు ముందే పేర్ల జాబితా ప్రకటించాడు. 2010లో స్టీవెన్స్ స్థానంలోకి ఎలీనా కేగన్ వచ్చాక జడ్జీల మధ్య సైద్ధాంతిక గీత, వేసిన పార్టీల గీత ఒకటైపోయాయి.

"వీసా మీద ఉన్న మనకు పనేముంది?"

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. 2025 జనవరి 20న వచ్చిన అధ్యక్ష ఉత్తర్వు, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే, అక్కడ పుట్టిన బిడ్డను పౌరుడిగా గుర్తించవద్దంది. హెచ్-1బి మీద ఉన్న తెలుగు దంపతులు సరిగ్గా ఇందులోకే వస్తారు. కింది కోర్టులు దేశమంతటా ఆపేశాయి. జూన్ 27న సుప్రీంకోర్టు 6–3తో, జిల్లా జడ్జి ఇచ్చే ఊరట, దావా వేసినవాళ్లకు పూర్తి న్యాయం చేసేంతవరకే ఉండాలంది. ఆ తీర్పు రాసింది బారెట్. ఉత్తర్వు రాజ్యాంగబద్ధమా అన్నది అందులో తేల్చలేదు. కానీ దాని ఫలితంగా రక్షణ కోరే కుటుంబాలు క్లాస్ యాక్షన్ (ఒకే సమస్య ఉన్నవాళ్లందరి తరఫున వేసే దావా) లాంటి దారులు పట్టాల్సి వచ్చింది.

ఇంకొకటి. 2024 జూన్ 28న కోర్టు 1984 నాటి షెవ్రాన్ సూత్రాన్ని కొట్టేసింది. చట్టం అస్పష్టంగా ఉంటే ప్రభుత్వ శాఖ చెప్పే సమంజసమైన భాష్యానికి జడ్జీలు తలొగ్గాల్సిన పని ఇప్పుడు లేదు. ఓపీటీ (విద్యార్థి వీసా మీద చదివినవాళ్లకు ఇచ్చే తాత్కాలిక పని అనుమతి), హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబాల వీసా) పని అనుమతి చాలావరకు శాఖల నిబంధనల మీదే నిలబడి ఉన్నాయి. గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 (ఉద్యోగం ఆధారంగా వేసే వలస దరఖాస్తు) ఆమోదం లాంటి దశ దాటిన హెచ్-1బి ఉద్యోగుల జీవిత భాగస్వాములకు పని అనుమతి ఇచ్చిన 2015 నిబంధనను 2024 ఆగస్టులో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు సమర్థించింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించడంతో కింది కోర్టు మాటే నిలిచింది. కేసు వినాలంటే తొమ్మిదిమందిలో నలుగురు కావాలి. కాబట్టి అప్పీళ్ల కోర్టుల్లో ఎవరున్నారన్నదీ ముఖ్యమే. వాళ్లనూ అధ్యక్షుడే వేస్తాడు, వాళ్లదీ జీవితకాల పదవే.

ఓటు హక్కు వచ్చినవాళ్లు అధ్యక్ష అభ్యర్థితో పాటు తమ రాష్ట్రంలో ఆ ఏడాది సెనేట్ సీటు ఉందా అని చూసుకోవాలి. రెండేళ్లకోసారి మూడో వంతు సీట్లకు ఎన్నిక జరుగుతుంది. 2021 జనవరి 5న జార్జియాలో జరిగిన రెండు రనాఫ్‌లే (ఎవరికీ మెజారిటీ రానప్పుడు జరిపే రెండో విడత ఎన్నికలే) సెనేట్‌ను 50–50కి తెచ్చి, సభ అజెండాను డెమొక్రాట్ల చేతికిచ్చాయి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, బైడెన్ సుప్రీంకోర్టుకు పంపిన కెటాంజీ బ్రౌన్ జాక్సన్ పేరు ఓటింగుకు వచ్చి 53–47తో నెగ్గింది. అప్పటికి ఆమె వయసు 51.